తెల్ల పుట్టగొడుగు పేరు చెప్పాలంటే కాడ మొదలు చూపించండి

తొలకరి పడితే చాలు, ఈ శీర్షికకు పుట్టగొడుగుల ఫొటోలు వచ్చిపడతాయి. దాదాపు అన్నీ నిలబడి పైనుంచి తీసినవే: తెల్లటి గొడుగు, చుట్టూ రాలిన ఆకులు, పక్కన కొలతకు పెట్టిన చెయ్యి. కింద ఒకటే ప్రశ్న, తినొచ్చా అని. తెల్లవాటి విషయంలో పైనుంచి తీసిన ఫొటో చూసి మేం అవుననీ చెప్పం, కాదనీ చెప్పం. ఎందుకో ఈసారి జవాబుల్లో చూడండి.

ప్రశ్న: ఏటూరునాగారం అడవి అంచున, చెదపుట్టకు రెండు బారల దూరంలో తెల్లటి పుట్టగొడుగు ఒకటి కనిపించింది. గొడుగు నాలుగు అంగుళాలు ఉంది. నడిమధ్య బూడిద రంగు మొన, కాడకు ఉంగరం లేదు. పట్టి లాగితే కాడ నేలమట్టానికి విరిగిపోయింది. మా ఇంట్లోవాళ్లు పుట్టకొక్కే అంటున్నారు. నిజమేనా? (ములుగు జిల్లా పాఠకుడు)

జవాబు: మొన సరిపోయింది, చోటు సరిపోయింది, కాలమూ సరిపోయింది. తేల్చి చెప్పడానికి కావలసిన భాగం మాత్రం విరిగి నేలలోనే ఉండిపోయింది.

పుట్టకొక్కులది టెర్మిటోమైసిస్ ప్రజాతి. ఫ్రెంచి శాస్త్రవేత్త రోజే హైమ్ 1942లో పెట్టిన పేరిది. చెదలు ఎండుటాకులు, పుల్లలు నమిలి, నేల లోపలి గదుల్లో తుట్టెలు కట్టి, వాటి మీద ఈ శిలీంధ్రాన్ని పెంచుకుని తింటాయి. వానలకు ఆ తుట్టె మీద మొలక లేచి మట్టిని చీల్చుకుంటూ పైకి వస్తుంది. నడినెత్తిన గట్టి మొన ఉండేది అందుకే. నేల కింద కాడ సన్నబడుతూ, వేరులాంటి తోకగా తుట్టె దాకా సాగుతుంది. అది జానెడు ఉండొచ్చు, మూరెడు దాటనూ వచ్చు. చెదల ఇల్లు పైకి పుట్టగా లేవకపోయినా కింద తుట్టె ఉంటే చాలు. కాబట్టి పుట్టకు రెండు బారల దూరాన మొలవడంలో వింత లేదు.

ఆ చోట ఇంకొకటి మొలిస్తే ఈసారి లాగకండి. కాడకు జానెడు దూరంలో ఒక పక్కన బొరిగెతో గుంట తీసి, కాడ వైపు మట్టిని కొంచెం కొంచెంగా రాల్చుకుంటూ కిందికి దిగండి. నిటారుగా పైనుంచి గునపం దించితే తోక తెగుతుంది, తెగితే మళ్లీ మొదటికే. పుట్ట కన్నంలో చెయ్యి పెట్టకండి. వానాకాలంలో అందులో ఉండేది చెదలే కాకపోవచ్చు.

తోక సన్నబడుతూ పోయి, చెదలున్న తుట్టెకు అంటుకుని కనిపిస్తే పుట్టకొక్కు అనడానికి గట్టి ఆధారం దొరికినట్టే. కాడ అడుగున ఉబ్బు, దాన్ని చుట్టి పొరలాంటి సంచి కనిపిస్తే, పైన ఎంత మొన ఉన్నా సరే, అది విషపు రకం కావచ్చు, అక్కడితో ఆపేయండి. రెండూ కాక కాడ మామూలుగా మట్టిలో ముగిసిపోతే, అది పుట్టకొక్కు కాదని మాత్రం తెలిసినట్టు. ఇంకేమిటో తెలిసినట్టు కాదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. తోక ఉన్నవన్నీ పుట్టకొక్కులు కావు. నేలలో పూడుకుపోయిన కట్టె మీద మొలిచే హైమెనోపెల్లిస్‌కూ పొడవాటి తోక ఉంటుంది. దాని గొడుగు తడిస్తే జిగటగా ఉంటుంది, గొడుగు అడుగున ఉండే పల్చటి రేకులు దూరదూరంగా ఉండి కాడకు అంటుకుంటాయి, ఆ రేకుల నుంచి పొడి తెల్లగా రాలుతుంది. పుట్టకొక్కుకు రేకులు దగ్గరదగ్గరగా ఉంటాయి, కాడను తాకకుండా ఆగిపోతాయి, ముదిరేకొద్దీ తెలుపు నుంచి లేత గులాబీకి తిరుగుతాయి, పొడి గులాబీ ఛాయలో రాలుతుంది. తోక కొస తుట్టెను చేరిందా లేదా అన్నది చూడమని పట్టుబట్టేది ఇందుకే.

ఉంగరం లేదు కాబట్టి మంచిదన్న మాట మీ ఉత్తరంలో ధ్వనిస్తోంది. ఉంగరం ఉన్నంత మాత్రాన పుట్టకొక్కు కాకుండా పోదు, లేనంత మాత్రాన అయిపోదు. దక్షిణ భారతంలో దొరికే టెర్మిటోమైసిస్ హైమీ కాడకు మందపాటి ఉంగరం నిలిచి ఉంటుంది. మరోవైపు, విషపు రకాల ఉంగరం పల్చటి పొర. వానకో, చేతి రాపిడికో ఊడిపోయి ఆనవాలే మిగలదు.

ప్రశ్న: అరకు దగ్గర పైన్ చెట్ల కింద మంచులా తెల్లగా ఉన్నవి చూశాం. కాడకు పరికిణీలా వేలాడే పొర ఉంది. తవ్వి చూస్తే అడుగున గుడ్డు పెంకు చిరిగినట్టు సంచి ఉంది. వాసన బాగానే ఉంది. పురుగులు కూడా తిన్నాయి. (విశాఖ పాఠకురాలు)

జవాబు: తవ్వి చూసినందుకు ముందుగా అభినందనలు. తెల్ల రేకులు, వేలాడే పొర, అడుగున సంచి మూడూ కలిసి ఉన్నాయంటే అది అమానిటా ప్రజాతి అని అనుకోవాలి. అందులో ఏ జాతో ఉత్తరం చదివి చెప్పలేం. చెప్పాల్సిన అవసరమూ లేదు. తినకండి, అంతే. ప్రపంచంలో పుట్టగొడుగు విషంతో పోయిన ప్రాణాల్లో అత్యధికం ఈ ప్రజాతివల్లే పోయాయి. ఇందులో తినదగ్గవీ ఉన్నాయని ఎవరైనా చెబితే, నిజమే, ఉన్నాయి. వాటి కోసం తెల్ల అమానిటాను పళ్లెంలోకి తెచ్చుకోవడం మాత్రం తెలివి కాదు.

చోటు కూడా ఇక్కడ సాక్ష్యమే. అమానిటాలు చాలావరకు చెట్ల వేళ్లతో పొత్తు పెట్టుకుని బతికేవి. పైన్, ఓక్, సాల చెట్లు, జామాయిల్ వాటికి ఇష్టమైన తోడు. కాబట్టి జామాయిల్ తోటలోనో పైన్ కిందో తెల్లది కనిపిస్తే అనుమానం రెట్టింపు కావాలి. టేకు అడవిలో అయితే ఆ తోడు దొరకదు. అలాగని టేకు కింద మొలిచిందల్లా మంచిదని అర్థం తీయకండి.

పురుగులు తినడం గురించి: మన కాలేయానికి పడని విషం పురుగుకు పడొచ్చు. అమానిటాలను నత్తలు, ఈగ లార్వాలు హాయిగా తింటాయి.

ప్రశ్న: పసుపు, చింతపండు వేసి ఉడికిస్తే విషం పోతుందంటారు. వెండి గ్లాసు నల్లబడితే విషమని, బియ్యం ఎర్రబడితే విషమని కూడా విన్నాం.

జవాబు: ఏదీ నిజం కాదు. ప్రాణం తీసే అమానిటాల్లోని అమాటాక్సిన్ అనే విషం వెండిని తాకినా, వెల్లుల్లిని తాకినా, బియ్యాన్ని తాకినా రంగు మార్చదు. ఉడకబెట్టినా, ఎండబెట్టినా, ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా విరగదు. ఉడికించిన నీళ్లు పారబోసి కూర చేసుకున్నా ముక్కలో విషం మిగిలే ఉంటుంది. శరీర బరువులో కిలోకు సుమారు 0.1 మిల్లీగ్రాము ప్రాణం తీయడానికి చాలు. అంటే పెద్దవాళ్లకు ఒక్క గొడుగు సరిపోతుంది, పిల్లలకు అందులో ముక్క. రుచి చేదుగా ఉంటే ఉమ్మేయొచ్చని కొందరు రాశారు. తిని బతికినవాళ్లు రుచి బాగుందనే చెప్పారు.

ప్రశ్న: పొడి రంగు చూడమని మీరు తరచూ రాస్తారు. పొడి రాలడమంటే ఏమిటి, ఇంట్లో ఎలా చూడాలి? మేం ఒకసారి తెల్ల కాగితం మీద పెడితే ఏమీ రాలేదు.

జవాబు: పొడి అంటే సిద్ధబీజాలు, పుట్టగొడుగు విత్తనాలనుకోండి. విడిగా కంటికి ఆనవు, వేలకువేలు ఒకచోట రాలితేనే రంగు తెలుస్తుంది. రేకుల రంగు చూసి పొడి రంగు ఊహించకూడదు. లేత పుట్టగొడుగులో తెల్ల రేకులున్నా పొడి గులాబీ, ఆకుపచ్చ, గోధుమ ఏదైనా కావచ్చు.

నల్ల కాగితం సగం, తెల్ల కాగితం సగం పక్కపక్కన అతికించి బల్ల మీద పరవండి. పూర్తిగా విచ్చుకున్న, కుళ్లు పట్టని గొడుగును తీసుకుని కాడను రేకుల మట్టానికి కోసేయండి. రేకులు కిందికి ఉండేలా, సగం నలుపు మీద, సగం తెలుపు మీద పడేలా పెట్టండి. గొడుగు పైన ఒక్క నీటి చుక్క వేసి, గాజు గిన్నె బోర్లించండి. రాత్రంతా కదపకండి. పొద్దున్నే గిన్నె తీసి, గొడుగును పక్కకు ఈడ్వకుండా నిటారుగా పైకెత్తండి. రేకుల అచ్చు గీతలు గీతలుగా కాగితం మీద పడి ఉంటుంది. రంగును ఎండ వెలుతురులో చూడండి. పసుపు పచ్చని బల్బు కింద లేత గులాబీ, మీగడ రంగు ఒకటిగానే కనిపిస్తాయి.

మీకు ఏమీ రాకపోవడానికి రెండు కారణాలు ఉండొచ్చు. గొడుగు ఇంకా విచ్చుకోని మొగ్గ అయితే పొడి రాలదు. లేదా పొడి రాలింది, తెల్లది కావడంతో తెల్ల కాగితం మీద కనబడలేదు. రెండోది ప్రమాదకరమైన పొరపాటు, ఎందుకంటే అమానిటాల పొడి తెలుపే. కాగితాన్ని ఏటవాలుగా పట్టి వేలితో రాసి చూడండి. వేలికి మెత్తటి పిండి తగిలితే రాలినట్టు. గిన్నె బోర్లించకుండా ఫ్యాను కింద పెడితే పొడి ఎగిరిపోతుంది. వానలో నానిన గొడుగైతే కాగితమంతా చెమ్మ మరకే.

తెల్ల పొడి రాలితే అది పుట్టకొక్కు కాదు. గులాబీ రాలినంత మాత్రాన పుట్టకొక్కు అని రాసేసుకోకండి. వరిగడ్డి మీద మొలిచే వాల్వేరియెల్లా గులాబీయే, దాని అడుగున సంచి ఉంటుంది. ఎంటొలోమాలూ గులాబీయే, వాటి రేకులు కాడకు అంటుకుని ఉంటాయి. వాటిలో విషపువి చాలా ఉన్నాయి.

ప్రశ్న: రోడ్డు పక్క చెట్టు మొదట్లో గుత్తిగా, బలంగా, పూర్తి తెల్లగా మొలిచాయి. మార్కెట్లో కొనే పాల పుట్టగొడుగులే అనిపిస్తోంది. (నంద్యాల)

జవాబు: అయ్యే అవకాశం ఉంది. పాల పుట్టగొడుగు, అంటే కాలోసైబ్ ఇండికా, మన నేలదే. పశ్చిమ బెంగాల్లో దొరికినదాన్ని 1974లో శాస్త్రీయంగా వర్ణించారు, ఆ తర్వాతే షెడ్లలో సాగు మొదలైంది. కాడ లావుగా, గట్టిగా, మొదట్లో ఉబ్బుగా ఉంటుంది. సంచి ఉండదు, ఉంగరం ఉండదు. ఇబ్బంది ఏమిటంటే దీని పొడి కూడా తెలుపే. కాబట్టి పొడి పరీక్ష మిమ్మల్ని అమానిటా నుంచి కాపాడదు, మొదలు తవ్వి సంచి లేదని చూడటమే కాపాడాలి. ఆ సంచి పల్చనిది, లాగితే మట్టిలో ఉండిపోతుంది, తవ్వినా ముక్కలై ఊడిపోవచ్చు. కిలో కొనుక్కుంటే తీరిపోయే కోరికకు ఇంత పరీక్ష ఎందుకన్నది మా అభిప్రాయం.

ప్రశ్న: పుట్ట నెత్తి మీదే మొలిచింది. గొడుగు విచ్చుకోవడం లేదు. విరిచి చూస్తే లోపల నల్లటి పొడి.

జవాబు: పోడాక్సిస్. మెట్ట ప్రాంతాల్లో పుట్టల మీద వస్తుంది. దానికి రేకులుండవు, గొడుగు ఎప్పటికీ విప్పారదు, కాడ కట్టెలా గట్టిగా ఉంటుంది. పుట్ట మీద మొలిచింది కదా అని పుట్టకొక్కు అనకూడదనడానికి మంచి ఉదాహరణ.

ప్రశ్న: వానపడిన మర్నాడు చిటికెన వేలి గోరంత తెల్లవి వందల కొద్దీ చాప పరిచినట్టు వచ్చాయి. తవ్వితే తోక లేదు. మీ లెక్కన ఇవి పుట్టకొక్కులు కానట్టేనా? (ఆదిలాబాద్)

జవాబు: మా లెక్కకు ఇది మినహాయింపు. టెర్మిటోమైసిస్ మైక్రోకార్పస్ అనే చిన్న రకానికి పొడవాటి తోక ఉండదు. చెదలు తుట్టె ముక్కలను నేలపైకి తెచ్చి పోస్తాయి, వాటి మీద నుంచి ఇవి గుంపులుగా లేస్తాయి. గొడుగు ఒకటి, రెండు సెంటీమీటర్లు, నడిమధ్య సూదిగా చిన్న మొన. మట్టి పెళ్ల ఒకటి ఎత్తి వేళ్లతో విడదీసి చూడండి. కాడల అడుగున గుల్లగుల్లగా పొడిబారే తుట్టె రవ్వ కనిపించాలి. అది లేకుండా చెత్త మీదో, కుళ్లిన కట్టె మీదో గుంపుగా వచ్చిన చిన్న తెల్లవి వేరే రకాలు. వాటి జాబితా చాంతాడంత ఉంటుంది, ఫొటోలో ఒకదానికొకటి తేడా తెలియదు. గుంపులో అన్నీ ఒకే రకమని కూడా అనుకోకండి. ఏరేటప్పుడు ఒక్కొక్కటీ చూడాలి.

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఉంటున్నాం. ఓక్ చెట్ల కింద డిసెంబరు వానలకు అచ్చం మా ఊరి పుట్టకొక్కుల్లాంటివి వస్తున్నాయి. అమ్మ చూసి అవేనంది.

జవాబు: కావు. ఇంత నమ్మకంగా ఫొటో కూడా చూడకుండా చెప్పగలిగిన ఒకే ఒక్క సందర్భం ఇది. శిలీంధ్రాన్ని సాగుచేసే చెదలు సహజంగా ఉండేది ఆఫ్రికాలో, ఆసియాలో మాత్రమే. అమెరికా ఖండాల్లో లేవు. ఆ చెదలు లేనిచోట టెర్మిటోమైసిస్ ఉండదు.

అక్కడ ఓక్ కింద వచ్చేవాటిలో రెండు ముఖ్యం. అమానిటా ఫాలాయిడిస్, దాన్ని డెత్ క్యాప్ అంటారు. ఐరోపా నుంచి చెట్లతో పాటు వచ్చి శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో పాతుకుపోయింది. మామూలుగా పసుపు పచ్చ ఛాయలో ఉంటుంది, వెలిసి తెల్లబడినవీ, పుట్టుకతోనే తెల్లనివీ ఉంటాయి. రెండోది అమానిటా ఓక్రియాటా, పడమటి తీరపు తెల్లది, ఎక్కువగా చలికాలం చివర, వసంతంలో వస్తుంది. తూర్పు రాష్ట్రాల్లో ఉండే తెలుగువాళ్లకైతే అమానిటా బైస్పోరిజెరా, వేసవి నుంచి శరదృతువు దాకా ఓక్ అడవుల్లో. 2016 డిసెంబరులో ఉత్తర కాలిఫోర్నియాలో డెత్ క్యాప్ తిని 14 మంది విషం బారిన పడ్డారు. ఆసియా నుంచి వలస వెళ్లినవాళ్లు వీటిని తమ దేశపు వరిగడ్డి పుట్టగొడుగులని పొరబడి తినడం అక్కడి వైద్యులకు పాత సంగతే.

అమ్మగారి కంటిచూపును తక్కువ చేయడం లేదు. మన అడవిలో ఏళ్ల తరబడి చూసి నేర్చుకున్న గుర్తులు మన అడవిలోని పోలికల మధ్యే పనిచేస్తాయి. అక్కడ పోలికలే వేరు.

ప్రశ్న: అపార్ట్‌మెంటు లాన్‌లో వలయంగా మొలిచాయి. తెల్లగా, పైన గోధుమ రంగు పొలుసులు. పిల్లలు ముట్టుకున్నారు, ప్రమాదమా? (హైదరాబాద్)

జవాబు: ముట్టుకుంటే ఏమీ కాదు, చేతులు కడిగించండి. వర్ణన క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్‌కు సరిపోతోంది. పొడి ఆకుపచ్చగా రాలితే ఇక అనుమానం లేదు. తింటే గంట నుంచి మూడు గంటల్లో విపరీతమైన వాంతులు, విరేచనాలు. మామూలుగా ప్రాణం తీయదు, కానీ పసిపిల్లలకు ఒంట్లో నీరు పోవడమే పెద్ద ప్రమాదం.

ప్రశ్న: గుడ్డు ఆకారంలో తెల్లవి, ఇంకా విచ్చుకోనివి దొరికాయి. బంతి పుట్టగొడుగులని కొందరు అంటున్నారు.

జవాబు: చాకుతో నిలువునా రెండు చెక్కలు చేయండి. లోపలంతా ఒకే తెల్లటి గుజ్జు అయితే బంతి రకం కావచ్చు. చెక్క మీద లేత గొడుగు, రేకులు, కాడ ఆకారం గీసినట్టు కనిపిస్తే అది విప్పారబోతున్న అమానిటా. నల్లగా, ఊదాగా మారుతుంటే అదీ పనికిరాదు. అడ్డంగా కోస్తే ఆకారం తెలియదు. ప్రతి గుడ్డునూ కోయాలి, ఒకటి కోసి గంపెడు నమ్మకూడదు.

ప్రశ్న: రాత్రి అడవి పుట్టగొడుగుల కూర తిన్నారు. తెల్లవారుజామున వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మర్నాటికి తగ్గింది. ఇక భయం లేనట్టేనా?

జవాబు: ఇలాంటిది జరిగితే ఉత్తరం రాయకండి, 108కి ఫోన్ చేయండి. మిగతా పాఠకుల కోసం వివరంగా చెబుతున్నాం.

తిన్న ఆరు గంటల తర్వాత మొదలైన వాంతులు ఎక్కువ భయపెట్టాలి. అమాటాక్సిన్ లక్షణం అదే: ఆరు నుంచి పన్నెండు గంటలు, కొన్నిసార్లు ఇరవై నాలుగు గంటల దాకా ఏమీ ఉండదు. తర్వాత నీళ్ల విరేచనాలు, కడుపునొప్పి. ఒక రోజు గడిచాక తగ్గినట్టు ఉంటుంది, మనిషి లేచి తిరుగుతాడు. ఆ సమయంలోనే లోపల కాలేయ కణాలు చచ్చిపోతుంటాయి. కణం కొత్త ప్రొటీన్లు తయారుచేసుకోవడానికి కావలసిన ఎంజైమును ఈ విషం ఆపేస్తుంది. మూడో రోజు నుంచి కళ్లు పచ్చబడటం, రక్తం గడ్డకట్టకపోవడం, స్పృహ తప్పడం. తగ్గిందని ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చేది సరిగ్గా ఆ మధ్యరోజునే. అస్సాంలో 2022 ఏప్రిల్‌లో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది తేయాకు తోటల ప్రాంతాలవాళ్లు.

గంటలోనే వాంతులైతే అమాటాక్సిన్ కాదని ఊరటపడొద్దు. గంపలో రెండు మూడు రకాలు కలిసి ఉండొచ్చు. ఒకటి తొందరగా, ఇంకొకటి ఆలస్యంగా పనిచేస్తుంది.

తిన్నవాళ్లందరూ వెళ్లాలి, బాగున్నవాళ్లు కూడా. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి. వైద్యుడికి మొట్టమొదట చెప్పాల్సినవి తిన్న సమయం, మొదటి వాంతి సమయం. వీలైనంత పెద్ద ఆసుపత్రికి వెళ్లండి, ఎందుకంటే కాలేయం, రక్తం గడ్డకట్టే తీరు ఎలా ఉన్నాయో చూపే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్రోత్రాంబిన్ టైమ్ పరీక్షలు ఒక్కసారి చేస్తే చాలదు, రోజూ చేస్తూ చూడాలి. సెలైన్, యాక్టివేటెడ్ చార్‌కోల్, ఎన్ అసిటైల్ సిస్టిన్, దొరికితే సిలిబినిన్ వాడతారు, చేయి దాటితే కాలేయ మార్పిడి ఒక్కటే దారి. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117, వైద్యులూ దాంతో మాట్లాడొచ్చు. అమెరికాలో అయితే 1 800 222 1222.

వంటింట్లో మిగిలిన ముక్కలు, తొక్కలు, చెత్తబుట్టలో పారేసిన కాడ మొదళ్లు ఏరి కాగితంలో చుట్టి తీసుకెళ్లండి. ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమర్చి గంటల్లో గుజ్జవుతాయి. పచ్చివి మిగలకపోతే కూర గిన్నె తీసుకెళ్లండి. అవి మొలిచిన చోటు ఎవరికైనా తెలిస్తే వాళ్లను అక్కడికి పంపి, ఇంకొకటి ఉంటే మొదలుతో సహా తవ్వించి, దగ్గర ఉన్న చెట్టు ఆకు ఒకటి కోసుకుని రమ్మనండి.